ముందు బాంబు, తర్వాతే జలాంతర్గామి

విశాఖపట్నం వచ్చిన చుట్టాలందరినీ బీచ్ రోడ్డుకు తీసుకెళ్ళే పని మా ఇంట్లో నాది. ముప్పై ఏళ్ళు బడిలో సాంఘికశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నదాన్ని కాబట్టి, నాకు వేరే పని ఉంటుందని ఎవరూ అనుకోరు. పోయిన సంక్రాంతి తర్వాత నిజామాబాద్ నుంచి మా వియ్యంకుడుగారు వచ్చారు. ఆటో దిగీ దిగగానే ఇసుకలో నిలబడ్డ ఆ నల్లటి జలాంతర్గామిని చూసి, "చెల్లెమ్మా, ముందు దాంట్లోకే పోదాం" అన్నారు. అందరూ అదే అంటారు. నేను మాత్రం ఒప్పుకోను. "అన్నయ్యగారూ, అది ఎక్కడికీ పోదు, ముందు ఒక బాంబు చూసొద్దాం" అని చెప్పి పక్కకు లాక్కెళ్ళాను.

బీచ్ రోడ్డును ఒక్క రోజులో చూసి రావాలనుకునేవారికి నేను చెప్పే మొదటి మాట ఇదే. కుర్సురాతో, అంటే ఆ జలాంతర్గామితో, మొదలుపెట్టకండి. విశాఖ మ్యూజియంతో మొదలుపెట్టండి. అదీ బీచ్ రోడ్డు మీదే ఉంది. పాత డచ్చి బంగళా, 1991లో మ్యూజియం చేశారు. కుర్సురా ముందున్నంత జనం ఇక్కడ ఉండరు. లోపల ఉత్తరాంధ్ర జమీందారుల కత్తులు, డాళ్ళు, కవచాలు, పటాలు, నాణేలు ఉంటాయి. వాటి దగ్గరకు తర్వాత వద్దాం. మీరు ముందుగా అడిగి వెళ్ళవలసింది రెండో ప్రపంచ యుద్ధంలో జపాను వాళ్ళు ఈ ఊరి మీద వేస్తే పేలకుండా మిగిలిన బాంబు దగ్గరకు.

1942 ఏప్రిల్ 5న జపాను విమానాలు కొలంబో మీద దాడి చేశాయి. మర్నాడే, ఏప్రిల్ 6న, ర్యూజో అనే విమాన వాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ హార్బరు మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. హార్బరు మొదలై అప్పటికి తొమ్మిదేళ్ళు కూడా నిండలేదు. ఊరికి చెప్పుకోదగ్గ రక్షణ లేదు. జనం ఊరు ఖాళీ చేశారు. మా మామ్మ పాతనగరంలో ఇంటికి తాళం వేసి, చంకన పసిబిడ్డనూ చేతిలో చింతపండు జాడీనీ పట్టుకుని చోడవరం వైపు ఎడ్లబండి ఎక్కింది. నగలు దూలం సందులో మరచిపోయింది. ఆ జాడీ సంగతి చెప్పినప్పుడల్లా మా తాతయ్య నవ్వేవాడు, ఆవిడ నవ్వేది కాదు. "సముద్రం వైపు నుంచి చప్పుడొస్తే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది" అనేది. దీపావళి రోజు తలుపులన్నీ వేసుకుని కూర్చునేది.

ఇది మ్యూజియం చీటీ మీద ఉండదు. అలాంటిది మీ ఇంట్లోనూ ఏదో ఒకటి ఉంటుంది. మా వియ్యంకుడుగారికి బాంబు చూడగానే తమ నాన్నగారు చెప్పిన రజాకార్ల రోజులు గుర్తొచ్చాయి. దాని ముందు పావుగంట నిలబడిపోయారు. అందుకే చెబుతున్నాను, వెళ్ళే ముందు రోజు ఇంట్లో పెద్దవాళ్ళను ఒక్క ప్రశ్న అడగండి: "యుద్ధం అంటే నీకు గుర్తున్నది ఏమిటి?" బ్లాకౌట్ అంటారో, కిటికీలకు అతికించిన నల్ల కాగితం అంటారో, రేషను బియ్యం అంటారో. ఆ జవాబు మనసులో పెట్టుకుని వెళితే గాజుపెట్టెలు వాటంతట అవే మాట్లాడతాయి. లేకపోతే అన్నీ ఒకేలా తుప్పు పట్టిన ఇనుములా కనిపిస్తాయి.

జమీందారుల గదులను నేను తొందరగా దాటిస్తాను, ఒక్క పని చేయించి. ఏదైనా ఒక కత్తి దగ్గర ఆగి, దాని పిడి చూడమంటాను. అది ఎంత చేతికి సరిపోతుంది? మన అరచేయి పక్కన ఊహించుకోండి. చాలావాటి పిడి ఇరుకుగా ఉంటుంది. పటాల్లో అంత ఎత్తుగా కూర్చున్న దొరల చేతులు మన చేతులంతే. పటాల్లో ఎవరు లేరో కూడా చూడండి. పల్లకీ ఉంటుంది, మోసినవాడు ఉండడు. బడి పిల్లలకు ఈ ఒక్క సంగతి చెబితే ఆ తర్వాత ఏ మ్యూజియానికి వెళ్ళినా వాళ్ళే వెతుక్కుంటారు.

ఇక కుర్సురా. సోమవారం సెలవు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా, ఆదివారాలు పొద్దున్నుంచే తెరవడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. విశాఖ మ్యూజియం సెలవు రోజు వేరు కాబట్టి రెండింటి వేళలూ బయలుదేరే పొద్దున మళ్ళీ చూసుకోండి. ఒకసారి నేను చూసుకోకుండా ఎనిమిదిమంది చుట్టాలను తాళం వేసిన గేటు దాకా నడిపించాను. ఆ మాట ఇప్పటికీ పెళ్ళిళ్ళలో వినిపిస్తుంది. ఆదివారం సాయంత్రం మాత్రం వద్దు. వెనక వరస తోసుకొస్తుంటే లోపల ఏదీ చూడలేరు, నడవగలరంతే. వారం మధ్యలో తెరిచిన మొదటి గంటలో వెళ్ళండి.

చేతి సంచులు తగ్గించుకోండి. చీర కట్టుకున్నవాళ్ళు కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకోండి. ఒక గదికీ మరో గదికీ మధ్య ఉండేవి తలుపులు కావు, గుండ్రటి కంతలు. ముందు కాలు, తర్వాత నడుము, ఆఖరున తల. తల ముందు పెట్టిన మా మనవడికి నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి కట్టింది. మోకాళ్ళ నొప్పులున్నవారు, ఇరుకు అంటే ఊపిరాడనివారు వెళ్ళే ముందు రెండుసార్లు ఆలోచించుకోండి. మధ్యలో వెనక్కి రావడం కష్టం, జనమంతా ఒకే దిక్కుకు కదులుతారు. ఇలాంటివారు బయట నిలబడి చూసినా నష్టం లేదు. 91 మీటర్ల పొడవున్న దాన్ని చుట్టి రావడమే ఒక నడక.

ఇది సోవియట్ యూనియన్‌లో కట్టినది. 1969 డిసెంబరు 18న అక్కడి రీగాలో మన నౌకాదళంలో చేరింది. కల్వరి, ఖండేరి, కరంజ్ తర్వాత మన నాలుగో జలాంతర్గామి. 2001 ఫిబ్రవరి 27న విరమించింది. మరుసటి ఏడాది ఆగస్టుకల్లా ఇసుక మీదికి చేర్చి మ్యూజియంగా తెరిచారు. విరమించిన నౌకే అయినా ప్రత్యేక దినాల్లో జెండాలు కట్టి అలంకరించే గౌరవం నౌకాదళం దీనికి ఇంకా ఇస్తోంది. ఈ లెక్కలన్నీ బోర్డు మీద ఉంటాయి, వాటికోసం గైడును విసిగించకండి. లోపల మార్గం చూపేవారిలో చాలామంది నౌకాదళంలో పనిచేసి వచ్చినవారే. వాళ్ళను టార్పెడోలు, అంటే నీటిలో దూసుకెళ్ళి ఓడల్ని పేల్చే ఆయుధాలు, ఎన్ని అని అడిగితే అప్పజెప్పినట్టు చెబుతారు: ముందు ఆరు గొట్టాలు, వెనక నాలుగు, మొత్తం 22 టార్పెడోలు. "మీరెక్కడ పడుకునేవారు? స్నానం ఎన్నాళ్ళకోసారి?" అని అడగండి. మనిషి మారిపోతాడు.

నేను అడిగినప్పుడు ఒకాయన ఇలా చెప్పారు. "అమ్మా, మంచినీళ్ళు తాగడానికే లెక్క. స్నానం మాట ఎవరికి గుర్తు? ఇంటికి వెళితే మా ఆవిడ నా బట్టలు విడిగా మూడుసార్లు ఉతికేది, అయినా డీజిల్ వాసన పోయేది కాదు." ఆయన చూపించిన పడక, టార్పెడో పక్కనే వేలాడుతున్న ఒక బల్ల. దాని వెడల్పు మా ఇంటి ఇస్త్రీ బల్లంత. ఇలాంటివాటిలో డెబ్భై అయిదుమంది. మీ పిల్లవాణ్ణి దాని పక్కన నిలబెట్టి, అటు తిరిగి పడుకుంటే ముక్కు దేనికి తగులుతుందో చూడమనండి.

ఇంజను గదిలో ఆగి ఒక్క విషయం అర్థం చేసుకుంటే మిగతా రోజంతా తేలిక. డీజిల్ ఇంజనుకు గాలి కావాలి. నీటి అడుగున గాలి లేదు. కాబట్టి మునిగినప్పుడు బ్యాటరీలతో తిరిగే మోటార్లే దాన్ని నడుపుతాయి. బ్యాటరీలు అయిపోతుంటే పైకి రావాలి, కనీసం ఒక గొట్టమైనా నీటి పైకి ఎత్తి గాలి పీల్చుకోవాలి. అదుగో, దొరికిపోయేది అప్పుడే. దాక్కున్న పిల్లవాడు దగ్గినట్టు.

ఆ దగ్గు వినడానికి పుట్టిందే రోడ్డు అవతల ఉన్న టీయూ-142 విమానం. అందుకే కుర్సురా నుంచి బయటికి రాగానే, టీ కూడా తాగకుండా, దాంట్లోకి వెళ్ళండి. దాక్కునేదాన్నీ వెతికేదాన్నీ ఎదురెదురుగా పెట్టిన చోటు ఇది. చాలామందికి ఆ సంగతి తట్టదు, పెద్ద విమానం అని ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. 1988 నుంచి 2017 దాకా ఇరవై తొమ్మిదేళ్ళు ఈ రకం విమానాలు మన సముద్రాల మీద గస్తీ తిరిగాయి, ప్రమాదమన్నది లేకుండా. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి వెనకా ముందూ రెండేసి ప్రొపెల్లర్లు, ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు. లోపలికి వెళ్ళాక సోనోబోయ్ ఎక్కడుందో అడగండి. విమానం నుంచి నీళ్ళలో పడేస్తే తేలుతూ అడుగున ఏం కదులుతోందో విని పైకి చెప్పే గొట్టం అది. చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. కానీ ఇందాక చూసిన ఆ ఇరుకు పడకలోని మనిషి భయపడేది దీనికే.

ఇక్కడ ఒక పొరపాటు దిద్దాలి. "గాజీని ముంచింది ఇదేనటగా" అని కుర్సురా వరసలో నిలబడ్డవాళ్ళు చెప్పుకోవడం నేను ఎన్నోసార్లు విన్నాను. కాదు. 1971లో కుర్సురా గస్తీ తిరిగింది అరేబియా సముద్రంలో. పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ మన విమాన వాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ విశాఖ దాకా వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్ళిపోయింది. అది ఇక్కడే ఉన్నట్టు నమ్మించడానికి మనవాళ్ళు ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ అనే యుద్ధనౌక నుంచి దొంగ రేడియో సందేశాలు పంపారు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక హార్బరు బయట గాజీ పేలి మునిగిపోయింది. రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీలకు, అంటే నీటి అడుగున పేలే బాంబులకు, మునిగిందని మనవాళ్ళ మాట. లోపలి పేలుడో, తాను నీళ్ళలో పరిచిన పేలుడు మైనో కారణమని పాకిస్తాన్ మాట. సైనిక మ్యూజియాల్లో ఒక్క వైపే రాసి ఉంటుంది, ఏ దేశంలోనైనా అంతే. రెండో మాట ఇంటికెళ్ళి చదువుకోవాలి.

మన జిల్లాల్లోనే రెండు వైపుల మాటా వినే ఈ సాధన చేయాలంటే బొబ్బిలి వెళ్ళండి. 1757 జనవరి 24 యుద్ధం గురించి బొబ్బిలిలో ఒకలా వింటారు, విజయనగరంలో మరోలా. తాండ్ర పాపారాయుడు బొబ్బిలిలో వీరుడు. విజయనగరంలో, తమ రాజును డేరాలో దూరి చంపినవాడు. ఆ ప్రయాణానికి ఇంకో రోజు కావాలి. రైల్లో వెళ్ళడం మంచిది. బొబ్బిలి కోటలో ఆయుధాలున్న మ్యూజియం చూసి, యుద్ధ స్మారకం దగ్గర కాసేపు నిలబడి, వచ్చేటప్పుడు విజయనగరంలో దిగి కోట చూడండి.

బీచ్ రోడ్డుకు వస్తే, డిసెంబరు 4 చుట్టుపక్కల వారం మ్యూజియాల కోసమని రాకండి. అది నౌకాదళ దినోత్సవం, విన్యాసాలు ఇక్కడ జరిగే ఏడాదైతే వాటి కోసం ఊరంతా ఇక్కడే ఉంటుంది. ఆ విన్యాసాలు చూడటానికే అయితే రండి, వేరే సంగతి.

చీకటి పడే వేళకు, 1971 యుద్ధానికి గుర్తుగా కట్టిన విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గర మెట్ల మీద కూర్చోండి. కుర్సురాకు నడిచేంత దూరమే. ముంత మసాలా బండ్లు అప్పటికే వచ్చి ఉంటాయి, ఉల్లిపాయ ఎక్కువ వేయమనండి. అక్కడ కూర్చున్నప్పుడు మా మనవడు అడిగాడు, "నానమ్మా, గాజీని ఏ మ్యూజియంలో పెట్టారు?" అని. చేత్తో సముద్రం వైపు చూపించాను. అది ఇప్పటికీ అక్కడే అడుగున ఉంది, హార్బరుకు కొద్ది మైళ్ళ దూరంలో, తొంభైమందికి పైగా మనుషులతో. వాడు తినడం ఆపి కాసేపు అటే చూశాడు. "వాళ్ళ పడకలు కూడా అంత చిన్నవేనా?" అన్నాడు.

మా వియ్యంకుడుగారు వాడి చేతిలోంచి ముంత అందుకుని, ఇసుక పడకుండా తన కండువా కప్పారు.