ఆకుపచ్చ జంటకు పసుపు పిల్ల పుట్టిందా? చిలకల రంగు చిక్కులు, వాటి పరిష్కారాలు

విజయవాడలో మా మేడ మీద కుండలు కట్టి బడ్జీలనే చిన్న చిలకల్ని పెంచుతున్నాను. మనవైపు అందరూ వీటినే లవ్ బర్డ్స్ అంటారు. వీటి సొంత ఊరు ఆస్ట్రేలియా, అక్కడి అడవి రంగు ఆకుపచ్చ. నా దగ్గర పిట్టలు తీసుకెళ్ళినవాళ్ళు మళ్ళీ ఫోన్ చేస్తే ఎక్కువగా అడిగేది రంగు గురించే. ఎవరడిగినా ముందు నేను అడిగే మాట ఒకటుంది: ఆ రంగు పుట్టుకతో వచ్చిందా, మధ్యలో మారిందా? పుట్టుకతో వస్తే అది వంశం లెక్క. మధ్యలో మారితే ఆరోగ్యం చూసుకోవాలి.

తల్లీ తండ్రీ ఆకుపచ్చ, పిల్ల మాత్రం ఎర్ర కళ్ళతో పసుపు

"గుడ్లు గానీ మారిపోయాయా బాబాయ్?" అని ఆమధ్య గుంటూరు నుంచి ఒకబ్బాయి కంగారుగా అడిగాడు. మారలేదు. ఆ పిల్ల లుటినో.

బడ్జీ ఈకలో పసుపు రంగు ఉంటుంది, మెలనిన్ అనే నలుపు ఉంటుంది. నీలం రంగు పదార్థమంటూ అసలు లేదు. ఈక లోపలి సన్నటి అల్లిక మీద వెలుగు పడి చెదిరితే మన కంటికి నీలంగా తోస్తుంది, వెనకాల మెలనిన్ ఉంటేనే ఆ నీలం తేలుతుంది. దాని మీద పసుపు చేరితే ఆకుపచ్చ. మెలనిన్ పోతే నీలం కూడా పోయి పసుపే మిగులుతుంది, అది లుటినో. పసుపు పోతే పిట్ట నీలం. రెండూ పోతే తెల్లటి అల్బినో.

లుటినో మార్పు లింగ క్రోమోజోమ్ మీద ఉంటుంది. పక్షుల లెక్క మనకు తిరగబడి ఉంటుంది: మగదానికి రెండు జెడ్ క్రోమోజోములు, ఆడదానికి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. అందుకే మగది పైకి ఆకుపచ్చగా కనబడుతూ లోపల లుటినోని మోయగలదు. పెంచేవాళ్ళు దాన్ని స్ప్లిట్ అంటారు. ఆడదానికి ఆ వీలు లేదు, ఉంటే పైకి కనబడాల్సిందే. కాబట్టి ఆ అబ్బాయి జంటలో తండ్రి స్ప్లిట్, పసుపు పిల్ల ఆడది. అలాంటి జంటకు పుట్టే ఆడపిల్లల్లో సగటున సగం పసుపువే. పిల్లను చూసి ఆడో మగో ఇంత ధీమాగా చెప్పగలిగే సందర్భాలు చాలా తక్కువ, నాకు ఈ లెక్కంటే అందుకే ఇష్టం.

నీలం పిల్ల పుడితే లెక్క వేరు. అప్పుడు తల్లీ తండ్రీ ఇద్దరూ నీలాన్ని మోస్తూ ఉండాలి, పిల్లల్లో సగటున నాలుగింట ఒకటి నీలం. పసుపు తయారుచేసే ఎంజైము జన్యువులో ఒక చిన్న తేడా ఈ నీలానికి కారణమని 2017లో తేలింది.

అనుమానించాల్సింది ఒకచోట ఉంది. నీలం జంట కుండలో ఆకుపచ్చ పిల్ల కనబడితే ఆ పిల్ల ఆ ఇద్దరికీ కలిసి పుట్టింది కాదు. అన్నిటినీ ఒకే పెద్ద పంజరంలో వదిలితే జరిగేదే ఇది. పైగా జత కట్టాక కొన్నాళ్ళపాటు ఆడది వీర్యాన్ని ఒంట్లో నిలవ ఉంచుకోగలదు. జంటను విడిగా ఉంచి, ఒక నెల ఆగి అప్పుడు కుండ పెట్టండి. పిల్లలకు వారం వయసులో కాలికి రింగు వేసి, తల్లిదండ్రుల వివరాలు నోటుబుక్కులో రాసుకోండి.

మిర్చి పెడుతున్నా రంగు తేలట్లేదు

గుంటూరు వైపు ఈ నమ్మకం బలంగా ఉంది. కానరీ పిట్టలకు ఎర్ర మిరప పెడితే ఈకలు ఎర్రబడే మాట నిజమే, అవి తిండిలోని కెరోటినాయిడ్లనే రంగు పదార్థాలను ఈకల్లోకి చేరుస్తాయి. చిలక జాతి అలా కాదు. తన పసుపు, ఎరుపు రంగుల్ని తానే ఈకలో తయారుచేసుకుంటుంది. మిర్చి యార్డు మొత్తం తెచ్చి ముందు పోసినా ఈక రంగు మారదు. మిరప మంట పక్షులకు తెలియదు కాబట్టి హాయిగా తింటాయి. విటమిన్ల కోసం పచ్చిమిర్చి పెట్టండి, మంచిదే.

ఉన్న రంగు మారిపోతోంది

మూడు నాలుగు నెలల పిల్ల నుదుటి మీది గీతలు చెరిగిపోతే దిగులు పడకండి, అది తొలిసారి ఈకలు మార్చుకోవడం.

పెద్ద పిట్టలో ఆకుపచ్చ మధ్య నల్లటి, పసుపు మచ్చలు తేలితే మాత్రం తిండి గిన్నె చూడండి. ఏళ్ళ తరబడి ఒట్టి కొర్రలే వేస్తే కాలేయం కొవ్వు పడుతుంది. ముక్కు కూడా అతిగా పెరుగుతుంటే అనుమానం ఇంకా బలపడుతుంది. పక్షుల్ని చూసే డాక్టరుకు చూపించండి, మనకు దగ్గర్లో గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. మునగాకు, తోటకూర, ఉడికించిన గుడ్డు కొద్దికొద్దిగా అలవాటు చేయండి. ఒకసారి వచ్చిన ఈక మళ్ళీ బాగుపడదు, కొత్త ఈకలు వచ్చేదాకా ఓపిక పట్టాలి.

మగ బడ్జీకి ముక్కు మీది నీలం గట్టు గోధుమ రంగుకి తిరిగితే ఒక్క వారం కూడా ఆగకండి. వృషణంలో గడ్డ పెరగడం దీనికి తరచూ కనబడే కారణం. లుటినో, అల్బినో మగవాటికి ఆ గట్టు మొదటినుంచీ గులాబీ రంగులోనే ఉంటుంది, దాన్ని చూసి ఆడదనుకుని మగదాన్ని జత చేసి గుడ్లకోసం ఎదురుచూసేవాళ్ళున్నారు.

గూడు దిగే పిల్లలకు రెక్క, తోక ఈకలు రాలిపోతుంటే అది రంగు సమస్య కాదు, వైరస్ కావచ్చు. వెంటనే వేరు చేయండి.

తడిస్తే రంగు వదులుతోంది

తడి దూది రుద్దితే అంటుకుందంటే అద్దిన రంగే. చిన్న మునియా పిట్టలకు ఆకుపచ్చ పూసి చిలకలని అమ్మేవాళ్ళున్నారు. కిరోసిన్, డిటర్జెంట్ పెట్టి కడగొద్దు, పిట్ట చస్తుంది. మునియాలనూ, మన రామచిలకలనూ పట్టడం, అమ్మడం, పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. రామచిలక పసుపుగా ఉన్నా, నీలంగా ఉన్నా జాతి అదే. అటవీ శాఖకు అప్పగించండి.

పసుపు కాక్‌టెయిల్ జుట్టు వెనక బట్టతల

కాక్‌టెయిల్ అంటే తల మీద జుట్టుండే చిలక జాతి పిట్ట. లుటినో కాక్‌టెయిల్స్‌లో వంశంలో వచ్చే లోపం ఇది, మందు లేదు. బట్టతల ఉన్న రెండిటిని జత చేయకుండా ఉంటే చాలు.

ఒంటికి ఒక పక్క నీలం, ఒక పక్క ఆకుపచ్చ

చాలా అరుదు. రెండు పిండాలు గుడ్డులోనే కలిసి ఒకే పిట్టగా పెరిగితే ఇలా వస్తుందంటారు. కళ్ళు తిప్పుకోలేనంత అందంగా ఉంటుంది. అలాంటి పిల్లలు పుడతాయని ఎవరైనా ఎక్కువ ధర చెబితే కొనకండి, ఆ సగం సగం రంగు పిల్లలకు దిగదు.