ఒక ఫంక్షన్‌లో తేలిన లెక్క ఇంకో ఫంక్షన్‌కి ఎలా అందించాలి

దామలచెరువు మామిడి మండీకి పైథాన్‌లో చిన్న బిల్లు ప్రోగ్రామ్ రాస్తున్నారనుకోండి. తూకం అనే ఫంక్షన్ లోడు బండి బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేసి కాయ బరువు తేలుస్తుంది, బిల్లు అనే ఫంక్షన్ దాన్ని ధరతో గుణించాలి. రన్ చేస్తే నేమ్ ఎర్రర్! ఎందుకంటే తూకం లోపల పెట్టుకున్న పేరు ఆ ఫంక్షన్ వరకే, బిల్లుకి అది కనపడదు.

దీనికి మందు రిటర్న్, అంటే ఫంక్షన్ తన ఫలితాన్ని పిలిచిన చోటికి తిరిగి ఇవ్వడం. తూకం చివర కాయ బరువుని రిటర్న్ చేయండి. చాలామంది ఇంతవరకు బాగానే చేసి, ఫంక్షన్‌ని పిలిచాక వచ్చిన విలువని ఏ పేరులోనూ పెట్టుకోకుండా వదిలేస్తారు, అది కాస్తా పోతుంది. ఇలా పట్టుకోవాలి:

బరువు = తూకం(8400, 3200)
మొత్తం = బిల్లు(బరువు, 12)

బరువు 5200 కిలోలు, మొత్తం 62,400 రూపాయలు. (పేర్లు తెలుగులో ఉన్నా పైథాన్ 3 ఒప్పుకుంటుంది, మీ టీమ్ ఒప్పుకుంటుందో లేదో మీరే చూసుకోండి.) రెండు విలువలు కావాలంటే రిటర్న్‌లో కామా పెట్టి రాయండి, టపుల్‌గా (ఒకే కట్టగా) వస్తాయి, ఇవతల రెండు పేర్లతో పట్టుకోవచ్చు.

'ఇంత గోల ఎందుకు, గ్లోబల్ (అన్ని ఫంక్షన్లకీ కనపడే బయటి పేరు) పెడితే సరిపోదా' అంటారా? ఫంక్షన్ బయట ఉన్న వేరియబుల్‌ని చదవడానికి ఏ కీవర్డూ అక్కర్లేదు, కానీ లోపల ఎక్కడైనా దానికి కొత్త విలువ ఇస్తే పైథాన్ ఆ ఫంక్షన్ మొత్తంలో దాన్ని లోకల్ (ఆ ఫంక్షన్ వరకే ఉండే పేరు) అనే అనుకుంటుంది, అందుకే బయట ఉన్న రోజు టోటల్‌కి += తో (పాత విలువకి కలిపి) కలపబోతే, లోపల ఆ పేరుకి ఇంకా విలువ లేదు కాబట్టి అన్‌బౌండ్ లోకల్ ఎర్రర్ వస్తుంది. ఫంక్షన్ లోపల ఆ పేరు ముందు గ్లోబల్ అని రాస్తే ఎర్రర్ పోతుంది, నిజమే. రేపు ఆ టోటల్ తప్పొస్తే మాత్రం ఏ ఫంక్షన్ మార్చిందో వెతుక్కోవడం మీ ఖర్మ. ధరలాంటి మారని విలువలకైతే పర్వాలేదు. నాలుగైదు ఫంక్షన్లు అదే డేటాని మారుస్తుంటే క్లాస్ (డేటానీ దాన్ని మార్చే ఫంక్షన్లనీ ఒకచోట కట్టే పద్ధతి) రాసి ఆ డేటాని సెల్ఫ్‌లో, అంటే ఆ క్లాస్‌తో చేసిన వస్తువులోనే, పెట్టుకోండి.

లిస్టుతో ఇంకో మెలిక. ఫంక్షన్‌కి లిస్టు పంపిస్తే కాపీ వెళ్లదు, అదే లిస్టు వెళ్తుంది. లోపల అపెండ్ చేస్తే (చివర ఒకటి చేరిస్తే) బయటా మారుతుంది, అదే పేరుకి కొత్త లిస్టు ఇస్తే మాత్రం బయటిది మారదు. లోడ్లు=[] అని డిఫాల్ట్ (పిలిచేటప్పుడు ఏమీ పంపకపోతే వాడే విలువ) ఇచ్చారో, ఆ లిస్టు ఫంక్షన్ డిఫైన్ అయినప్పుడు ఒక్కసారే తయారవుతుంది కాబట్టి ముందొచ్చిన రైతు లోడ్లు తర్వాతి రైతు బిల్లులోకి ఎక్కేస్తాయి. డిఫాల్ట్‌గా నన్ (None, 'ఏమీ లేదు' అని చెప్పే విలువ) ఇచ్చి, నన్ వస్తే ఖాళీ లిస్టు లోపలే తయారుచేయండి.