పాత క్యాథలిక్ మెడల్ దొరికిందా? తోమే ముందు ఇది చదవండి

మా అమ్మమ్మ జపమాల చివర కోలగా ఉన్న చిన్న మరియమాత మెడల్ ఒకటి ఉండేది, అంచున 1830 అని అంకె, ఇంట్లో అందరం అది రెండొందల ఏళ్ళ నాటిదనే నమ్మాం. మెడల్స్ గురించి తెలుసుకోవడం మొదలుపెట్టాక అర్థమైంది, దాని మీద సంవత్సరం చాలాసార్లు జరిగిన సంఘటనది, తయారైన ఏడాది కాదు. 1830లో పారిస్‌లోని ర్యూ ద్యు బాక్ కాన్వెంట్లో కేథరిన్ లబూరే అనే కన్యస్త్రీకి మరియమాత దర్శనమిచ్చింది, వషెట్ అనే కంసాలి మొదటి మెడల్స్ చేసింది 1832లో, ఇవాళ ఫ్యాక్టరీలో వచ్చే దాని మీద కూడా అదే 1830 ఉంటుంది. లూర్దు మెడల్ మీద 1858, ఫాతిమా మెడల్ మీద 1917 కూడా అంతే, ఆ ఊళ్ళలో మరియమాత దర్శనమిచ్చిన ఏళ్ళవి. పునీత బెనెడిక్ట్ మెడల్‌లో శిలువ పైన పాక్స్ (లాటిన్‌లో శాంతి) అనే మాట ఉంటే అది 1880లో ఇటలీలోని మోంటే కసీనో మఠం తెచ్చిన డిజైన్, కాబట్టి 1880 తర్వాతదని చెప్పొచ్చు గానీ ఇప్పటికీ అదే చేస్తున్నారు కాబట్టి అంతకుమించి ఏమీ చెప్పలేం.

మరి వయసు ఎలా పట్టుకోవాలి? నాకు బాగా నచ్చిన పద్ధతి బిరుదు చూడటం. క్యాథలిక్ సభలో ముందు ధన్యులు అని ప్రకటిస్తారు, తర్వాతే పునీతులు. లిజియూ తెరేసమ్మ 1923లో ధన్యురాలు, 1925లో పునీతురాలు, అంటే పేరు ముందు ధన్య అని ఉన్న మెడల్ ఆ రెండేళ్ళ మధ్యదే అయ్యే అవకాశం చాలా ఎక్కువ. జోన్ ఆఫ్ ఆర్క్‌కి 1909, 1920, లూర్దు బెర్నదెత్‌కి 1925, 1933. పోపు బొమ్మ ఉంటే ఇంకా సులువు, తొమ్మిదో పయస్ 1846 నుంచి 1878, పదమూడో లియో 1903 దాకా. 1900, 1925, 1950 లాంటి జూబిలీ సంవత్సరాల, అంటే సభ ప్రకటించే పవిత్ర సంవత్సరాల, మెడల్స్ మీద ఆ ఏడు మాత్రమే తెరిచే రోము పవిత్ర ద్వారం బొమ్మ ఉంటుంది, వీటి మీద తేదీని మాత్రం చాలావరకు నమ్మొచ్చు, రోముకి వచ్చిన యాత్రికుల కోసం ఆ ఏడే చేసినవి. ఒకవైపు యేసు తిరుహృదయం ఇంకోవైపు మరియమాత ఉంటే అది స్కాపులర్ (భక్తితో మెడలో వేసుకునే చిన్న బట్ట ముక్కలు) బదులు వేసుకునే మెడల్ కావచ్చు, దానికి పోపు పదో పయస్ అనుమతి ఇచ్చింది 1910లో.

ఇక అంచు, కొక్కెం (గొలుసుకి తగిలించే రింగు). పది రెట్లు చూపించే భూతద్దం తీసుకోండి. 17, 18 శతాబ్దాల ఇత్తడి, కంచు మెడల్స్‌లో కొక్కెం విడిగా అతికించరు, మెడల్‌తో పాటే ఒకే ముక్కగా వస్తుంది, చాలావాటిలో అది బొమ్మకి అడ్డంగా తిరిగి ఉంటుంది, కింద రోమా అని ఉండటం కూడా మామూలే. మేడ్ ఇన్ ఇటలీ లాంటి మాట ఉంటే అది 20వ శతాబ్దపు సరుకనే అనుకోవచ్చు. ఫ్రెంచి వెండికి కొక్కెం మీద సూది మొనంత ముద్ర ఉంటుంది, పంది తల పారిస్‌ది, పీత బయట ఊళ్ళది, రెండూ 1838లో మొదలయ్యాయి. గద్ద తల ఉంటే బంగారం. 800, 925 అంకెలు వెండి స్వచ్ఛత, అంటే వెయ్యి వంతుల్లో అసలు వెండి ఎన్ని వంతులో. పెనిన్, వెర్నాన్, బెకర్ లాంటి చెక్కడం పనివాళ్ళ సంతకం కనిపిస్తే ధర లోహాన్ని దాటిపోతుంది, అందుకే బొమ్మ భుజం కింద, అంచు దగ్గర ఓపిగ్గా వెతకండి.

ముద్ర లేకపోతే నీళ్ళ పరీక్ష చెయ్యండి. 0.01 గ్రాము చూపించే తూకం మీద మెడల్ బరువు రాసుకోండి, తర్వాత నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేసి, దారానికి కట్టిన మెడల్‌ని అడుగు తాకకుండా ముంచండి, కనిపించే అంకెతో బరువుని భాగించండి. 10 పైన వస్తే వెండి కావచ్చు, 8.5 దగ్గర అయితే ఇత్తడి, కంచు లేదా వెండి పూత, 2.7 అయితే అల్యూమినియం. అమ్మమ్మది 2.7 వచ్చింది, అల్యూమినియం చౌకగా దొరకడం మొదలైంది 1886 తర్వాతే కాబట్టి 1830 కథ అక్కడితో తేలిపోయింది.

దయచేసి తోమకండి. చింతపండు, టూత్‌పేస్ట్, వెండి పాలిష్ ఏదీ వద్దు, ఆ నల్లటి పొర పోతే సన్నటి గీతలూ అరిగిపోతాయి, కొనేవాళ్ళు వెంటనే గుర్తుపడతారు. డిస్టిల్డ్ వాటర్, మెత్తటి బ్రష్ చాలు, ఎనామిల్ (రంగు గాజు పూత) ఉంటే అదీ వద్దు.

విలువకి మొదట లోహం లెక్క వెయ్యండి. 4 గ్రాముల 800 వెండి అంటే 3.2 గ్రాముల అసలు వెండి, అంటే చిన్న మొత్తమే, 20వ శతాబ్దపు మెడల్స్ లక్షల్లో అచ్చయ్యాయి కాబట్టి చాలావాటికి ఇంతకంటే పెద్దగా రాదు. దాని పైన రేటు పెంచేవి సంతకం, పాతదనం, మంచి కండిషన్, దెబ్బతినని ఎనామిల్. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు అడిగే ధర చూడకండి, నిజంగా అమ్ముడుపోయిన ధరలు చూసి అలాంటివే నాలుగైదు పోల్చుకోండి. మెడల్ వెనక చిన్న గాజు కింద ఎముక ముక్కో గుడ్డ పీలికో ఉంటే ఆగండి, అది పునీతుల అవశేషం కావచ్చు, అవశేషాల్ని అమ్మడం సభ చట్టం పూర్తిగా నిషేధించింది, చర్చి గురువు గారికి చూపించి ఆయన చెప్పినట్టు చెయ్యండి.