ఉన్నట్టుండి చూపు పోయి, కాసేపటికి మళ్ళీ వస్తే ఏం చేయాలి?

ఒకరోజు పొద్దున మా మామయ్య పేపర్ చదువుతుంటే ఎడమ కంటికి పైనుంచి నల్లటి తెర దిగినట్టయింది. నొప్పి లేదు, ఎరుపు లేదు. ఐదారు నిమిషాల్లో ఆ తెర దానంతటదే తొలగిపోయి చూపు ఎప్పటిలాగే వచ్చేసింది, "రాత్రి నిద్ర లేదు, వేడి చేసుంటుంది" అని మజ్జిగ తాగి పనికి వెళ్ళిపోయారు. మూడో రోజు కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దగా అయిపోయింది. మెడలో ఎడమవైపు ఉండే పెద్ద రక్తనాళమే ఎడమ కంటికీ, మెదడు ఎడమ భాగానికీ రక్తం తీసుకెళ్తుందని, కుడి చేతినీ మాటనీ నడిపించేది ఆ భాగమేనని డాక్టర్ చెబితే గానీ మాకు తెలియలేదు. ఆ రోజు చూపు పోవడం హెచ్చరిక అని ఇంట్లో ఒక్కరికి తెలిసినా ఆయన్ని పనికి వెళ్ళనిచ్చేవాళ్ళం కాదు. అందుకే ఏం చేయాలో వరసగా రాస్తున్నాను.

1. ముందు ఉన్నచోటే కూర్చోండి

బండి మీద ఉంటే పక్కకి ఆపేయండి. మెట్ల మీద ఉంటే అక్కడే కూర్చుని పక్కనున్నవాళ్ళని పిలవండి. ఒంటరిగా ఉంటే ఎవరికైనా ఫోన్ చేసి, తలుపు గడియ తీసి పెట్టుకోండి.

2. ఒక్కో కన్ను మూసి చూడండి

చాలామంది చేయనిది ఇదే, డాక్టర్ అన్నిటికంటే ముందు అడిగేదీ ఇదే. ఎదురుగా ఉన్న గోడ గడియారం వైపు చూస్తూ అరచేత్తో ముందు ఒక కన్ను, తర్వాత రెండోది మూయండి. ఒక కన్ను బాగా కనిపించి రెండోది మసకగానో నల్లగానో ఉంటే సమస్య ఆ కంటిలోనో, దానికి రక్తం వచ్చే దారిలోనో ఉండొచ్చు. ఏ కన్ను మూసినా గడియారంలో ఒకే పక్క సగం కనిపించకపోతే అది కంటి సమస్య కాదు, మెదడుది. ఎడమ పక్క సగం కనిపించనప్పుడు "నా ఎడమ కన్ను పోయింది" అనే అనిపిస్తుంది, కన్ను మూసి చూస్తే తప్ప తేడా తెలియదు.

3. టైమ్ చూసుకోండి

ఎన్నింటికి మొదలైంది, ఎంతసేపు ఉంది, పైనుంచి తెరలా దిగిందా, చుట్టూ నుంచి మూసుకొచ్చిందా, మెరుపులు కనిపించాయా అన్నది ఫోన్‌లో రాసుకోండి. ఆస్పత్రికి వెళ్ళేసరికి చూపు వచ్చేసి ఉంటుంది, అప్పుడు డాక్టర్‌కి మీరు చెప్పేదే ఆధారం.

4. పక్షవాతం లక్షణాలున్నాయేమో చూడండి

నవ్వమంటే మూతి ఒక పక్కకి వంకర పోతోందా, రెండు చేతులూ ఎత్తితే ఒకటి కిందికి జారుతోందా, మాట తడబడుతోందా? వీటిలో ఒక్కటున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. రక్తం గడ్డని కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా మొదటి 4.5 గంటల్లోపే ఇవ్వాలి, అదీ స్కానింగ్ తీశాకే. అంటే దారిలో పోయే ప్రతి నిమిషం లెక్కలోకి వస్తుంది. ఈ లక్షణాలేవీ లేకపోయినా చూపు తిరిగి రాకపోతే అది కూడా ఎమర్జెన్సీయే, ఎందుకంటే రక్తం అందని రెటీనా (కంటి లోపల వెనక ఉండే, చూపునిచ్చే పొర) కొన్ని గంటల్లోనే శాశ్వతంగా దెబ్బతింటుంది.

5. దేనివల్ల అయ్యుండొచ్చు?

ఇది మీకు మీరే జబ్బు తేల్చుకోవడానికి కాదు, ఎంత తొందరపడాలో తెలియడానికి.

ఒకే కంటికి, నొప్పి లేకుండా, తెర దిగినట్టు కొన్ని నిమిషాలు చూపు పోతే మా మామయ్య కథ గుర్తు చేసుకోండి. మెడ రక్తనాళంలో పేరుకున్న కొవ్వు నుంచి చిన్న ముక్క ఊడి వచ్చి కంటి నాళంలో కాసేపు ఇరుక్కుని, తర్వాత ముందుకి కొట్టుకుపోతే ఇలా అవుతుంది. చిన్న గడ్డ గుండె నుంచి కూడా రావొచ్చు. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, సిగరెట్ ఉన్నవాళ్ళలో ముందు అనుమానించాల్సింది దీన్నే. పక్షవాతం వచ్చే ప్రమాదం ఆ తర్వాత మొదటి రెండు రోజుల్లో అన్నిటికంటే ఎక్కువ. కాబట్టి "వచ్చే వారం చూపిద్దాంలే" అనకండి, ఆ రోజే వెళ్ళండి.

మెరుస్తూ, వంకర టింకర గీతలు మెల్లగా పెద్దవవుతూ రెండు కళ్ళలోనూ 20, 30 నిమిషాలు కనిపించి, తర్వాత తలనొప్పి వస్తే అది మైగ్రేన్ కావొచ్చు. జీవితంలో మొదటిసారి వచ్చినా, 50 దాటాక కొత్తగా వచ్చినా మైగ్రేనే అనేసుకోకుండా చూపించుకోవాలి.

గభాలున లేచినప్పుడు రెండు కళ్ళూ బైర్లు కమ్మి క్షణాల్లో సర్దుకుంటే ఎక్కువగా బీపీ పడిపోవడం వల్లే. బీపీ మాత్రలు వాడేవాళ్ళకి ఇలా అవుతుంటే డోసు గురించి డాక్టర్‌ని అడగండి, మాత్ర మీరే మానేయకండి. అలా కాకుండా వంగినప్పుడో లేచినప్పుడో చూపు కొన్ని సెకన్లు నల్లబడుతూ, రోజూ తలనొప్పి ఉంటే తల లోపల ఒత్తిడి పెరిగిందేమో చూడాలి. బరువు ఎక్కువున్న, వయసులో ఉన్న ఆడవాళ్ళలో ఇది కనిపిస్తుంటుంది, వదిలేస్తే కంటి నరం దెబ్బతింటుంది.

దీపం చుట్టూ రంగు వలయాలు, కంటి నొప్పి, వాంతులు ఉంటే నీటికాసులు, అంటే గ్లకోమా కావొచ్చు. షుగర్ ఉన్నవాళ్ళకి సాలెగూడులాంటి నల్లటి పోగులు తేలితే కంటిలో రక్తం చిమ్మి ఉండొచ్చు. మెరుపులు, నల్లచుక్కలతో పాటు ఒక పక్క నుంచి తెర కమ్ముకొస్తుంటే రెటీనా ఊడుతోందేమో. ఈ మూడింటికీ అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సిందే.

50 దాటినవాళ్ళలో తల దువ్వుకుంటే కణత దగ్గర నొప్పి, నమిలితే దవడ నొప్పి ఉండి చూపు వచ్చి పోతుంటే రక్తనాళాల వాపు కావొచ్చు. మన దగ్గర అంత ఎక్కువగా కనిపించదు గానీ, వెంటనే స్టెరాయిడ్ మొదలుపెట్టకపోతే రెండో కన్ను కూడా పోవచ్చు.

ప్రమాదం లేనిది ఒకటుంది. చీకట్లో పక్కకి పడుకుని ఒక కంటితోనే ఫోన్ చూసి, ఆపేశాక ఆ కంటికి కాసేపు ఏమీ కనిపించకపోవడం. లండన్ డాక్టర్లు ఇలాంటి ఇద్దరు ఆడవాళ్ళ గురించి 2016లో వైద్య పత్రికలో రాశారు. దిండు కింద ఉన్న కన్ను చీకటికి అలవాటు పడుతుంది, ఫోన్ చూసిన కన్ను వెలుతురుకి అలవాటు పడుతుంది, అంతే. అయినా అదేనని డాక్టర్‌నే చెప్పనివ్వండి.

6. ఇవి మాత్రం చేయకండి

కళ్ళలో ఆముదం, తేనె, చనుబాలు వేయకండి, ఇంట్లో ఉన్న పాత చుక్కల మందూ వద్దు. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ మింగకండి, మెదడులో రక్తస్రావం అయి ఉంటే అది ఇంకా ప్రమాదం, స్కానింగ్ చూసి డాక్టరే ఇస్తారు. కళ్లద్దాల షాపుకి వెళ్ళి పవర్ మార్పించుకుని సరిపెట్టుకోకండి.

7. ఎక్కడికి వెళ్ళాలి, ఏం అడగాలి

చూపు తెరలా పోయి వచ్చినా, సగం పోయినా న్యూరాలజీ, ఎంఆర్ఐ ఉన్న పెద్దాస్పత్రికి వెళ్ళండి. నొప్పి, మెరుపులు, నల్లచుక్కలు ఉంటే కంటి ఆస్పత్రికి. హైదరాబాద్‌లో అయితే మెహిదీపట్నం సరోజినీ దేవి ప్రభుత్వ ఆస్పత్రి, ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి చాలామందికి తెలిసినవే. బీపీ, షుగర్, ఈసీజీతో పాటు మెడ రక్తనాళాల డాప్లర్ (నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే స్కానింగ్) అవసరమా అని మీరే అడగండి. కంటి పరీక్ష బాగుందన్నారని డాప్లర్ వదిలేయొద్దు.

వాడే మందుల చీటీలు, పాత రిపోర్టులు, ఫోన్‌లో రాసుకున్న టైమ్ దగ్గర పెట్టుకోండి. కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేస్తే కొన్ని గంటలు అంతా మసకగా ఉంటుంది, బండి నడపడానికి ఎవరినైనా వెంట తీసుకెళ్ళండి.