క్యాబేజీ, కాలీఫ్లవర్ నారును ఇంటి వరండాలోనే పెంచుకోవడం ఎలా?

చలి దేశాలవారు బయట మంచు వీడేలోగా మొక్కలు సిద్ధం కావాలని కూరగాయల విత్తనాలను ఇంట్లో మొలకెత్తిస్తారు. మన చిక్కు వేరు. శీతాకాలపు పంటకు నారు పోయవలసిన సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఒకరోజు ఎండ మాడుస్తుంది. మరునాడు హస్త కార్తె వాన కుండపోతగా కురిసి, ఆవగింజంత విత్తనాన్ని మట్టితో సహా కుండీలోంచి వెళ్లగొడుతుంది. అందువల్ల మిద్దెతోట పెంచేవారు నారు వరకైనా వరండాలోనో, జల్లు పడని బాల్కనీలోనో పోసుకోవడం మేలు.

అన్ని విత్తనాలూ ఈ పద్ధతికి పనికిరావు. క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రకోలీ, నూల్‌కోల్ (కాడ దుంపలా ఉబ్బే క్యాబేజీ జాతి కూర), లెట్యూస్ (సలాడ్ ఆకుకూర) నారు పోసి నాటుకోదగినవి. క్యారెట్, ముల్లంగి మాత్రం పెరిగే చోటే విత్తాలి. పీకి నాటితే తల్లివేరు దెబ్బతిని దుంప చీలికలుగా పెరుగుతుంది. కాలీఫ్లవర్‌లో రకం ఎంపిక అన్నిటికంటే ముఖ్యం. పూసా దీపాలి వంటి ముందస్తు రకాలు మన వాతావరణానికి సర్దుకుంటాయి. స్నోబాల్ తరహా రకాలకు పువ్వు కట్టే దశలో గట్టి చలి కావాలి కనుక, మన మైదాన ప్రాంతాల్లో అవి ఆకులు వేస్తూ కూర్చునే ప్రమాదం ఉంది. ముందస్తు రకాన్ని బాగా ఆలస్యంగా విత్తితే దీనికి విరుద్ధంగా, మొక్క ఎదగకముందే గుండీ అంత పువ్వు వేసి ఆగిపోతుంది.

నారు పెంచడానికి 98 గుంతల ప్రోట్రే (నారు పెంచే ప్లాస్టిక్ ట్రే) కొనవచ్చు, లేదా అడుగున మేకుతో రంధ్రం చేసిన పేపరు టీ కప్పులు వాడవచ్చు. తోటమట్టి ఒక్కటే నింపితే గట్టిపడి నీరు నిలుస్తుంది. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఇటుకను నీళ్లలో నానబెట్టి, అందులోని ఉప్పు పోయేలా రెండుమూడుసార్లు కడిగి పిండి, రెండు పాళ్ల కోకోపీట్‌కు ఒక పాలు జల్లించిన వర్మీకంపోస్టు కలపాలి. తడి సరిపోయిందో లేదో చేతికే తెలుస్తుంది: గుప్పెడు మిశ్రమాన్ని గట్టిగా పిడికిలి బిగిస్తే వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు మాత్రమే కనిపించాలి. ధారగా కారితే కాసేపు ఆరబెట్టాలి.

ఒక్కో గుంతలో అర సెంటీమీటరు లోతున ఒకటి లేదా రెండు విత్తనాలు వేసి పైన పలుచగా మిశ్రమం చల్లాలి. ప్యాకెట్టులోని విత్తనాలు గులాబీ రంగులోనో నీలి రంగులోనో ఉంటే వాటికి శిలీంధ్రనాశిని పట్టించారని అర్థం. పిల్లలకు దూరంగా ఉంచి, విత్తాక చేతులు కడుక్కోవాలి. లెట్యూస్ గింజకు మొలకెత్తడానికి వెలుతురు సాయపడుతుంది కనుక దానిని లోతుగా కప్పకూడదు. పైగా వేడి 30 డిగ్రీలకు చేరితే అది మొలకెత్తడానికి మొరాయిస్తుంది. తడిగుడ్డలో చుట్టి ఒకటి రెండు రోజులు ఫ్రిజ్ కింది అరలో ఉంచి విత్తితే ఆ మొండితనం తగ్గుతుంది.

విత్తిన ట్రేపై పాలిథిన్ కవరు కప్పి నీడలో ఉంచితే క్యాబేజీ జాతి గింజలు మూడు నుంచి ఐదు రోజుల్లో మొలుస్తాయి. మూడో రోజు నుంచి పొద్దున, సాయంత్రం కవరు ఎత్తి చూడాలి. కొక్కెంలా వంగిన తెల్లని కాడలు అక్కడక్కడ తలెత్తగానే, మిగతా గింజల కోసం ఆగకుండా కవరు తీసేసి ట్రేను వెలుతురులోకి మార్చాలి. ఒక ఏడాది నేను కవరు కప్పిన ట్రేను మెట్ల కింద ఉంచి రెండు రోజులు పెళ్లికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి మొలకలన్నీ రెండంగుళాల పొడవున, పాలిపోయిన దారాల్లా సాగి కవరుకు ఆనుకుని ఉన్నాయి. ఎండ చూపగానే సగం వాలిపోయాయి, మిగతావి ఎన్నటికీ కోలుకోలేదు. ఇంట్లో నారు పోసేవారు ఎక్కువగా నష్టపోయేది నీటి కొరత వల్ల కాదు, వెలుతురు కొరత వల్లే. ఉదయపు ఎండ నాలుగైదు గంటలైనా తగలాలి. ఆ వసతి లేని ఫ్లాట్లలో మామూలు తెల్ల ఎల్ఈడీ ట్యూబులైటును మొలకలకు బెత్తెడు ఎత్తున కట్టి, రోజుకు 14 నుంచి 16 గంటలు వెలిగించవచ్చు.

నీరు పైనుంచి పోయడం కంటే, ట్రేను నీళ్ల పళ్లెంలో పది నిమిషాలు ఉంచి తీయడం మంచిది. పైపొర ఆరినట్టు కనిపించాకే, అదీ ఉదయం పూటే తడి ఇవ్వాలి. మట్టిని తాకే చోట కాడ వేడినీళ్లలో ముంచినట్టు మెత్తబడి, సన్నబడి, మొలక పక్కకు ఒరిగితే అది నారుకుళ్లు తెగులు. పిథియం వంటి, శిలీంధ్రాలను పోలిన సూక్ష్మజీవులు అతి తడిలో, ఇరుకులో విజృంభిస్తాయి. ఒరిగిన మొక్కలు బతకవు. వాటిని తీసేసి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి మిగిలిన వాటి మొదళ్లు తడపాలి. గుంతలో రెండు మొలకలుంటే బలహీనమైనదాన్ని పీకకుండా కత్తెరతో కత్తిరించాలి, లేకుంటే రెండో దాని వేరు కదులుతుంది. ఆకులు తినే పురుగుల తల్లి రెక్కల పురుగులు గుడ్లు పెట్టకుండా పాత దోమతెర కప్పితే చాలు.

నాటడానికి వారం ముందు నుంచి నీరు కొద్దిగా తగ్గిస్తూ, ఎండలో ఉంచే సమయాన్ని రోజూ ఒక గంట చొప్పున పెంచాలి. నాలుగైదు ఆకులు వచ్చిన 25 నుంచి 30 రోజుల నారు నాటడానికి సరైనది. కుండీలు దొరకలేదని ట్రేలోనే ముదరనిస్తే వేళ్లు చుట్టుకుపోయి, కాలీఫ్లవర్ మళ్లీ ఆ గుండీ పువ్వే వేస్తుంది. సాయంత్రం పూట ట్రేను బాగా తడిపి, కింది నుంచి వేలితో నెట్టి, వేరుముద్ద చెదరకుండా తీసి, 12 అంగుళాల కుండీకి ఒకటి చొప్పున నాటాలి. మడిలో అయితే మొక్కకు మొక్కకు 45 సెంటీమీటర్ల ఎడం ఉంచాలి. రెండు మూడు రోజులు మధ్యాహ్నపు ఎండకు ఏదైనా నీడ కల్పించాలి. ట్రేలో మిగిలిన నాలుగైదు మొక్కలను వెంటనే పంచిపెట్టకుండా ఒక వారం ఉంచుకుంటే, నాటిన వాటిలో చనిపోయిన చోట వేసుకోవడానికి అవే అక్కరకొస్తాయి.