కాంటెస్సాకి గేర్ బాక్స్ వెతుకుతున్నారా? కొనేముందు ఇవి చూసుకోండి

హిందుస్థాన్ మోటార్స్ వాళ్ల పాత కారు కాంటెస్సాకి గేర్ బాక్స్ పోయిందనగానే మనవాళ్లు చేసే మొదటి పని వైజాగ్ ఆటోనగర్‌కో విజయవాడకో ఫోన్ కొట్టి "ఫైవ్ స్పీడ్ ఉందా?" అని అడగడం. ఉందంటారు. ఎప్పుడడిగినా ఉందనే అంటారు. అది మీ ఇంజన్‌కి కూర్చుంటుందా లేదా అన్నది మాత్రం వాళ్లకి పట్టదు.

ముందు బానెట్ ఎత్తి లోపల ఏముందో చూడండి. 1984లో వచ్చిన మోడల్లో అంబాసిడర్‌కి పెట్టిన 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఇంజనే, నాలుగు గేర్లు, దీన్నే 1.5 అంటున్నాను. తర్వాతి 1.8 జీఎల్‌లో జపాన్ కంపెనీ ఇసుజు ఇంజన్, ఐదు గేర్లు. పైకి బండి ఒకటే గాని ఒకదాని గేర్ పెట్టె ఇంకోదానికి నేరుగా ఎక్కదు. 1.8 వాళ్లకి ఒక వెసులుబాటు ఉంది, అంబాసిడర్ 1800 ఐఎస్‌జడ్‌లోనూ ఇసుజు ఇంజనే కాబట్టి అటు కూడా వెతకొచ్చు, కాకపోతే పొడవు, గేర్ రాడ్ ఎక్కడ పైకి వస్తుందో టేపు పెట్టి కొలవాల్సిందే. 1.5 వాళ్లు మామూలు అంబాసిడర్ పెట్టె చవకగా దొరికిందని తెచ్చుకుంటే, దాని గేర్ రాడ్ స్టీరింగ్ పక్కన ఉండేది, ఇక్కడ కింద నుంచి రావాలి. పెట్టె మీద మిగుల్చుకున్న డబ్బంతా లింకేజీకే, అంటే గేర్ రాడ్‌ని పెట్టెకి కలిపే కడ్డీలకే పోతుంది.

అసలు పెట్టె మార్చాలా అన్నది ముందు తేల్చుకోండి. న్యూట్రల్‌లో ఇంజన్ ఆన్ చేసి క్లచ్ మీంచి కాలు తీసేస్తే గుర్రుమని, క్లచ్ నొక్కగానే ఆగిపోతే ముందు అనుమానించాల్సింది ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజన్ పవర్‌ని పెట్టెలోకి తెచ్చే కడ్డీ) బేరింగ్‌ని. క్లచ్ నొక్కినప్పుడే మోత వస్తే క్లచ్‌ని విడిపించే రిలీజ్ బేరింగ్, దానికి పెట్టెతో సంబంధమే లేదు. ఒకటి, రెండు, మూడులో ఏడ్చి నాలుగులో నిశ్శబ్దంగా ఉంటే లే షాఫ్ట్ (పెట్టెలో కింద ఉండే రెండో గేర్ల కడ్డీ) వైపు చూడాలి, ఎందుకంటే నాలుగులో పవర్ దాని మీదుగా పోకుండా నేరుగా వెళ్తుంది. ఆయిల్ దించి గుడ్డ మీద పోసి ఎండలో చూడండి. బంగారు రంగు పొడి తళతళలాడితే సింక్రో రింగులు (గేరు మోత లేకుండా పడేలా వేగాలు కలిపే ఇత్తడి రింగులు) అరుగుతున్నాయి, అది బాగుచేసుకోవచ్చు. అయస్కాంతానికి ఇనుప ముక్కలే అంటుకుంటే పళ్లు విరిగాయన్న మాట, అప్పుడే వేరే పెట్టె. పాత బీఎంసీ పెట్టెల్లో ఫస్ట్ గేర్‌కి సింక్రో ఉండదు, బండి కదులుతుండగా ఫస్ట్ వేస్తే కరకరమనడం దాని స్వభావమే. మెకానిక్ దాన్ని చూపించి పెట్టె మార్చమంటే నమ్మకండి.

ఇక డిఫరెన్షియల్ (వెనక ఇరుసు మధ్యలో ఉండే గేర్ల డబ్బా) లెక్క. చాలామంది వదిలేసేది ఇదే. వెనకాల ఒక చక్రం మాత్రమే జాకీ మీద లేపి, రెండోది నేల మీదే ఉంచి, ముందు చక్రాలకి రాళ్లు పెట్టి, గేర్ న్యూట్రల్‌లో ఉంచండి. లేచిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పుతూ కింద ప్రొపెల్లర్ షాఫ్ట్ (పెట్టె నుంచి వెనక ఇరుసుకి వెళ్లే పొడవాటి గొట్టం) ఎన్ని చుట్లు తిరిగిందో సుద్దముక్కతో గీత పెట్టి లెక్కపెట్టండి, ఎన్ని వస్తే అదే మీ రేషియో, అంటే రెండు చక్రాలూ కలిసి ఒక చుట్టు తిరగడానికి షాఫ్ట్ తిరగాల్సిన చుట్లు. ఉదాహరణకి 3.9 వచ్చింది, టైరు చుట్టుకొలత 1.9 మీటర్లు అనుకోండి. 80 స్పీడులో నేరుగా వెళ్లే ఫోర్త్‌లో ఇంజన్ సుమారు 2,740 ఆర్‌పీఎం తిరుగుతుంది. ఫిఫ్త్ గేర్ రేషియో 0.83 ఉన్న పెట్టె వేస్తే ఫిఫ్త్‌లో 2,270కి దిగుతుంది. శ్రీకాకుళం నుంచి హైవే మీద వైజాగ్ వెళ్లొచ్చేవాళ్లకి ఇది హాయి. అదే సాలూరు దాటి సుంకి వైపు ఘాట్ ఎక్కేవాళ్లయితే ఫిఫ్త్ గురించి మర్చిపోయి సెకండ్, థర్డ్ మధ్య గ్యాప్ చూసుకోండి. సెకండ్‌లో అరుస్తూ, థర్డ్ వేస్తే చచ్చుబడిపోతూ ఉంటే ఆ మలుపుల్లో నరకమే. సుమారు 50 హార్స్ పవర్ ఉండే 1.5 ఇంజన్‌కి ఫైవ్ స్పీడ్ కోసం తాపత్రయపడటం నా దృష్టిలో దండగ, ఫోర్ స్పీడే మంచిది దొరికితే బేగి పట్టేసుకోండి.

షాపుకి వెళ్లేటప్పుడు మీ పాత క్లచ్ ప్లేట్ సంచీలో వేసుకెళ్లండి. కొత్త పెట్టె ఇన్‌పుట్ షాఫ్ట్‌కి దాన్ని తొడిగి చూస్తే గాట్లు కలుస్తున్నాయో లేదో అక్కడే తెలిసిపోతుంది. షాఫ్ట్ కొన ఫ్లైవీల్ మధ్యలో ఉండే చిన్న బుష్‌లో దూరాలి, ఆ మందం కూడా కొలవండి. పెట్టె ఒక్కటే బేరమాడకండి. బెల్ హౌసింగ్ (పెట్టెని ఇంజన్‌కి కలిపే గుల్ల), క్లచ్ ఫోర్కు, వెనకాల ప్రొపెల్లర్ షాఫ్ట్ తగిలించే యోక్, స్పీడోమీటర్ గేరు, మౌంటింగ్ బ్రాకెట్ అన్నీ అదే బండివి కలిపి ఇమ్మనండి, విడిగా వెతకాలంటే చుక్కలు కనిపిస్తాయి. ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు మారితే లేత్ షాపులో కోసి వెల్డింగ్ చేయించాక బ్యాలెన్సింగ్ కూడా చేయించండి, లేకపోతే 60 దాటగానే ఒళ్లంతా వణుకు.

బిల్లు లేకుండా ఇస్తానంటే ఎంత చవకైనా వద్దు. ఇంజన్ కూడా కలిపి మార్చుతుంటే నంబరు ఆర్సీలో ఎక్కించుకోవాలి, ఆర్టీవో ఆఫీసులో ముందే కనుక్కోండి.

బిగించాక ఆయిల్ విషయంలో షాపువాడు ఏది ఇస్తే అది పోయకండి. గేర్ ఆయిలైతే డబ్బా మీద దాని రకం జీఎల్-4 అని ఉండాలి. డిఫరెన్షియల్‌లో పోసే జీఎల్-5లోని కొన్ని రసాయనాలు ఇత్తడి సింక్రో రింగుల్ని తినేస్తాయి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి దించి, మళ్లీ గుడ్డ మీద పోసి చూసి కొత్తది నింపండి.