తిరిగి రాని సిపాయి పేరు వెతకడం ఎలా

"మిలిటరీకి పోయాడు, మళ్లీ రాలేదు." మన వైపు చాలా ఇళ్లలో ఒక మనిషి కథ ఈ రెండు మాటలతో అయిపోతుంది. మా ఇంట్లో ఆ మనిషి మా చిన్న తాత, అంటే మా తాతకు తమ్ముడు. మాది వర్ధన్నపేట దగ్గర పల్లె, చాకలి ఇల్లు. ఆయన నిజాం పల్టనులో చేరింది తుపాకీ పట్టడానికి కాదు, సిపాయిల బట్టలు ఉతకడానికి. 1941లో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, పల్టనుతో పాటే మలయా (ఇప్పటి మలేషియా వైపు) వెళ్లాడు. మరుసటి ఏడు మనియార్డర్లు ఆగిపోయాయి.

ఆయన పేరు నాకు 2017లో దొరికింది. అప్పుడు నేను కరీబియన్ సముద్రంలో గ్రెనడా అనే దీవిలో ఉన్నాను. అక్కడి వైద్య కళాశాలలో పదకొండేళ్లు ఫార్మకాలజీ పాఠాలు చెప్పాను. వర్ధన్నపేట మనిషిని వెతకడానికి అంత దూరం పోవాల్సిన అవసరం మీకు లేదు. నాకు ఎందుకు వచ్చిందో ముందు చెప్తాను, పద్ధతి ఆ తర్వాత. తొందరలో ఉన్నవాళ్లు కాస్త కిందికి దిగి చదువుకోవచ్చు.

గ్రెనడా మొత్తం 344 చదరపు కిలోమీటర్లు. బస్సు ఎక్కితే లోపల ఉన్న అందరికీ కలిపి "గుడ్ మార్నింగ్" చెప్పాలి, చెప్పకపోతే ఆ రోజంతా మీరు పొగరుబోతే. దిగాలంటే బస్సు పైకప్పు మీద తట్టాలి. పక్కింట్లో ఎనభై దాటిన పెద్దావిడ ఉండేది. వయసు మళ్లిన ఆడవాళ్లను అక్కడ టాంటీ అంటారు, మనం చిన్నమ్మా అన్నట్టు. పనస లాంటి బ్రెడ్‌ఫ్రూట్ ముక్కలు, ఉప్పు మాంసం, కొబ్బరి పాలు, పసుపు వేసి కుండ అడుగున నూనె తేలేదాకా ఉడికించే ఆయిల్ డౌన్ అనే వంటకం ఆవిడే నేర్పింది. అక్కడ పసుపును సఫ్రాన్ అంటారు. అది కుంకుమపువ్వు కాదు టాంటీ, మా ఊళ్లో దీన్ని పండిస్తారు, నాకు తెలుసు అన్నాను. "నువ్వు చదువుకున్నదానివే, కానీ అది సఫ్రానే" అంది. వాదన అక్కడితో ముగిసింది.

నవంబరు మొదట్లో, సర్వ పునీతుల పండుగ రాత్రి, అక్కడివాళ్లు సమాధులు శుభ్రం చేసి కొవ్వొత్తులు వెలిగిస్తారు. శ్మశానమంతా దీపాలు. ఒక ఏడు టాంటీతో నేనూ వెళ్లాను. తల్లిదండ్రుల సమాధి దగ్గర పని అయ్యాక ఆవిడ ఒక కొవ్వొత్తి మిగుల్చుకుని సముద్రం ఒడ్డుకు నడిచింది. ఖాళీ పాల డబ్బాలో సగం దాకా ఇసుక నింపి, గాలికి ఆరకుండా కొవ్వొత్తిని లోతుగా గుచ్చి వెలిగించింది. అది వాళ్ల అక్క కోసం. 1944 ఆగస్టు 5న ఐలాండ్ క్వీన్ అనే ఓడ గ్రెనడా నుంచి సెయింట్ విన్సెంట్‌కు బయలుదేరింది. అరవై మందికి పైగా ఉన్నారు. కలిసి బయలుదేరిన రెండో ఓడ చేరింది, ఇది చేరలేదు. జర్మన్ జలాంతర్గాములు ఆ నీళ్లలో తిరిగిన కాలం. టార్పెడో తగిలిందా, ఇంజన్ పేలిందా అన్నది ఇప్పటికీ తేలలేదు. టాంటీకి అప్పుడు ఎనిమిదేళ్లు.

శవం లేని చావు ఆ దీవికి కొత్త కాదు. నేను దిగిన విమానాశ్రయానికి మారిస్ బిషప్ పేరు పెట్టారు. 1983 అక్టోబరు 19న కాల్చి చంపిన ఆ ప్రధానమంత్రి అవశేషాలు ఈనాటికీ దొరకలేదు. మరి వాళ్లకు మిగిలింది పేరే. ఐలాండ్ క్వీన్‌లో పోయిన తెలిసినవాళ్లందరి పేర్లు టాంటీ ఒక కాగితం మీద రాసి బైబిల్లో పెట్టుకుంది. ఆ రాత్రి నన్ను అడిగింది, మీ ఇంట్లో ఎవరైనా ఇలా పోయారా అని. చిన్న తాత సంగతి చెప్పాను. "ఆయన పేరు ఎక్కడైనా రాసి ఉందా?" తెలియదన్నాను. "వెతికావా?" లేదన్నాను. పాఠం చదవకుండా వచ్చిన విద్యార్థిని నేను ఎలా చూస్తానో, నన్ను అలా చూసింది.

ఇక పద్ధతి. మొదటి పని కంప్యూటర్ తెరవడం కాదు, ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చోవడం. "ఏ సంవత్సరంలో పోయాడు?" అని అడగకండి, ఎవరికీ గుర్తుండదు. డబ్బు ఎప్పటిదాకా వచ్చింది, అది ఆగిన ఏడు ఇంట్లో ఎవరు పుట్టారు, ఎవరి పెళ్లయింది అని అడగండి. మా నాన్న 1943లో పుట్టాడు. తప్పిపోయిన బాబాయి పేరే ఆయనకు పెట్టారు. ఆ పేరే ఇంట్లో ఒక చిక్కయింది. మా అమ్మ భర్త పేరు పలకదు. చిన్న నాయనమ్మకూ అది భర్త పేరే కాబట్టి ఆవిడా పలకలేదు. "చిన్న తాత పూర్తి పేరేమిటమ్మా, వెనకా ముందూ ఇంకేమైనా ఉండేదా?" అని ఫోనులో అడిగితే అమ్మ "మీ నాన్నదే" అని ఊరుకుంది.

చిన్న నాయనమ్మ గురించి ఇక్కడే చెప్పాలి. కాపురం నాలుగు నెలలు. ఆయన పోయాడన్న కబురు రాలేదు కాబట్టి ఆవిడ బొట్టు, గాజులు తీయలేదు, పోయేదాకా. కొందరు పసుపు కుంకుమకు పిలిచేవారు, కొందరు మర్చిపోయినట్టు నటించేవారు. పెత్రమాస నాడు పెద్దల పేరున బియ్యం ఇచ్చేటప్పుడు, పేర్లు చదివే సమయానికి ఆవిడకు పెరట్లో ఏదో ఒక పని పడేది. ఆ పేరు ఎవరైనా చదువుతారేమోనని ఆవిడ భయం.

పెద్దవాళ్ల తర్వాత కాగితాలు. ట్రంకు పెట్టెల్లో, దేవుడి పటాల వెనక, బియ్యం గుమ్మి పక్కన చూడండి. మా ఉత్తరాలన్నీ చెదలు తిన్నాయి, ఒక్క మనియార్డర్ చీటీ మిగిలింది, అదీ ఉర్దూలో. నిజాం కాలపు కాగితం ఉర్దూలోనే ఉంటుంది కాబట్టి చదవలేమని పక్కన పడేయకండి. హన్మకొండలో, కరీంనగర్‌లో రిటైరైన ఉర్దూ మాస్టార్లు ఇంకా ఉన్నారు, చాయ్ తాగుతూ చదివి పెడతారు. మా చీటీ మీద పల్టను పేరు ఉంది: మొదటి హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ.

ఇక్కడ చాలామంది దారి తప్పుతారు. ఆ యుద్ధంలో హైదరాబాద్ పేరుతో రెండు వేర్వేరు దళాలు ఉండేవి. ఒకటి నిజాం సొంత సైన్యం, అంటే హైదరాబాద్ రాజ్య దళాలు. రెండోది బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలోని 19వ హైదరాబాద్ రెజిమెంట్. దీనికి పేరే హైదరాబాద్, మనుషులు ఎక్కువగా ఉత్తరాది కుమావూ, జాట్, అహిర్లు. 1945లో అది కుమావూ రెజిమెంట్‌గా పేరు మార్చుకుంది. ఈ రెండో దాంట్లో వెతుకుతూ నేను మూడు వారాలు పోగొట్టుకున్నాను. మొదటి హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ మలయాలోని కోట భారు విమానాశ్రయం దగ్గర కాపలా ఉండేది. 1941 డిసెంబరు 8 తెల్లవారకముందే జపాన్ సైన్యం ఆ తీరంలోనే దిగింది, పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడడానికి కొంచెం ముందు. పల్టను కమాండర్ అక్కడే చనిపోయాడు. మిగిలినవాళ్లు వెనక్కి తగ్గుతూ దక్షిణానికి వచ్చారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. మీ మనిషి డబ్బు పంపడం 1942 మొదట్లో ఆగితే మలయా, సింగపూర్ వైపు చూడండి. ఆ తర్వాత కూడా వచ్చి ఉంటే బర్మా లాంటి మిగతా చోట్ల చూడాలి.

వెతకాల్సిన చోటు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్. 1917లో పుట్టిన సంస్థ. రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన కామన్వెల్త్ సైనికుల, అంటే బ్రిటన్, దాని ఏలుబడిలోని దేశాల సైనికుల పేర్లు అందులో ఉంటాయి. రెండో యుద్ధానికి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా లెక్క. వెతకడానికి డబ్బు కట్టక్కర్లేదు. వెతికిపెడతామని డబ్బు అడిగేవాళ్లను నమ్మకండి.

మన పేర్లకు ఇంటిపేరు గడి, అసలు పేరు గడి అన్న తేడా గుమాస్తాలకు తెలియలేదు. ఒక్క మాట పేరైతే ఇంటిపేరు గడిలోనే పెట్టేశారు, అక్కడే వెతకండి. స్పెల్లింగ్ ఇంకో గోల. మల్లయ్య అనే పేరు తీసుకోండి. మనం చివర ఐ, ఏ, హెచ్ అని రాస్తాం. గుమాస్తా వై, వై, ఏ అనైనా రాసి ఉండవచ్చు, ఒక ఎల్ మింగేసి ఉండవచ్చు. అన్ని రకాలూ ముందే కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటే కొట్టేస్తూ పోండి. నాకు అలా కూడా దొరకలేదు. చివరికి పేరు గడి ఖాళీగా వదిలి, పల్టను పేరు, సంవత్సరం మాత్రం పెట్టి, వచ్చిన జాబితా అంతా మొదటి నుంచి చదివాను. ఓపిక ఉంటే ఇదే మంచి మార్గం. హోదా దగ్గర సిపాయి అనే ఉంటుందనుకోకండి. కుక్, బార్బర్, వాటర్ క్యారియర్, వాషర్‌మన్ అని కూడా ఉంటాయి. నేను ఆ ఆఖరి మాట దగ్గర ఆగాను.

పేరులో రెండు అక్షరాలు తప్పు. పక్కన ఉన్న అదనపు వివరాల్లో ఫలానావారి కొడుకు, ఫలానా ఊరు, ఫలానావిడ భర్త అని ఉంది. ఊరి పేరు గుర్తుపట్టలేనంతగా విరిగింది, పైకి చదివితే గానీ మా ఊరని తెలియలేదు. జిల్లా దగ్గర కూడా జాగ్రత్త: ఖమ్మం 1953 దాకా వరంగల్ జిల్లాలోనే ఉండేది, కాబట్టి వరంగల్ అని ఉంటే మధిర మనిషి కూడా కావచ్చు. నన్ను నిలబెట్టింది మాత్రం చివరి మాట. చిన్న నాయనమ్మ పేరు. ఆ రోజుల్లో మగవాళ్లు కూడా పెళ్లాం పేరు పలికేవారు కాదు. ఎవరో గుమాస్తా బల్ల ముందు నిలబడి ఆయన ఆ పేరు బయటికి చెప్పి ఉంటాడు. ఆవిడ పేరు నేను ఏ కాగితం మీదైనా చూడడం అదే మొదటిసారి.

అప్పుడు అక్కడ రాత్రి తొమ్మిదిన్నర, హన్మకొండలో పొద్దున్న ఏడు. నాన్నకు ఫోటో పంపాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇది నా పేరే కదమ్మా" అన్నాడు.

తేదీ దగ్గర 1942 ఫిబ్రవరి 15 అని ఉంది, లొంగిపోయిన రోజు. ఆ రోజే చనిపోయాడని నేను నమ్మను, ఆచూకీ తెగిన రోజు అయి ఉంటుంది. రికార్డులో అలాంటి తేదీ కనిపిస్తే దాని మీద పూర్తిగా ఆధారపడకండి.

దొరికాక ఆ పేజీ నుంచే స్మారక పత్రం దింపుకుని అచ్చు వేయించుకోవచ్చు. సమాధి లేనివాళ్ల పేర్లు స్మారకాల మీద చెక్కారు. సింగపూర్‌లో క్రాంజీ దగ్గర 24 వేలకు పైగా పేర్లున్నాయి, బర్మావి రంగూన్ స్మారకం మీద ఉంటాయి. రికార్డులో స్తంభం నంబరు రాసి ఉంటుంది, అది లేకుండా వెళ్తే రోజంతా తిరగాలి. మా అన్న కొడుకు సింగపూర్‌లో ఉద్యోగం. క్రాంజీ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లాడు. మొదటిసారి మధ్యాహ్నం వెళ్లి తీసిన ఫోటోలో ఏమీ కనబడలేదు. ఎండ నిలువుగా పడితే చెక్కిన అక్షరాల్లో నీడ ఉండదు. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెళ్లాలి. రెండోసారి వేలు పేరు కింద పెట్టి తీశాడు. ఆ ఫోటోలో వాడి వేలి గోరు కూడా కనబడుతుంది, అచ్చం మా నాన్న గోరులా వెడల్పుగా.

పేరు దొరకకపోతే అక్కడితో వదలకండి. రెండో యుద్ధం వాళ్ల గురించి తగిన ఆధారాలు పంపితే కమిషన్ పరిశీలిస్తుంది. మొదటి యుద్ధంలో ఆసియా, ఆఫ్రికా వాళ్ల పేర్లు ఎన్నో సరిగా నమోదు చేయలేదని 2021లో ఆ సంస్థే ఒప్పుకుంది. నిజాం దళాల పాత కాగితాల కోసం హైదరాబాద్‌లో తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో, అంటే రాష్ట్ర ప్రాచీన పత్రాల భాండాగారంలో అడగండి. ఉర్దూ చదివేవారిని వెంట తీసుకెళ్లండి.

పేరు దొరికిన తర్వాత చేయాల్సింది ఏ వెబ్‌సైటూ చెప్పదు. బియ్యం ఇవ్వాలా? ఇస్తే జీవితాంతం బొట్టుతో ఉన్న మనిషిని, పోయిన తర్వాత విధవను చేసినట్టు కాదా? మా ఇంట్లో దీని మీద రెండేళ్లు చర్చ నడిచింది. మా అత్త వద్దంది, నాన్న ఏమీ అనలేదు. తొందరపడకండి, ఇంట్లో పెద్ద ఆడవాళ్ల మాట విన్నాకే నిర్ణయించండి.

నేను తిరిగి వచ్చేశాక, మొన్నటి పెత్రమాసకు అందరం ఊళ్లో ఉన్నాం. సాయంత్రం ఎంగిలి పూల బతుకమ్మ కోసం తంగేడు పూలు ముందు గదిలో పోసి ఉన్నాయి. అయ్యగారు పేర్లు అడిగారు. తాత పేరు, నాయనమ్మ పేరు చెప్పాక నాన్న తన పేరు చెప్పాడు. అయ్యగారు తలెత్తి, "మీ పేరు కాదండీ, పోయినవాళ్ల పేరు" అన్నారు.

"అదే" అన్నాడు నాన్న.

ఆ పక్కన రెండో పేరు అమ్మ చెప్పింది.